ముప్పై వేలలోపు, పాతకాలపు లుక్ ఉన్న కంచు డైవ్ వాచీ: బెజవాడ చెమటకి ఏది నిలుస్తుంది?

పటమట_కుర్రాడు (విజయవాడ)
అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ మా నాన్నగారి హెచ్‌ఎంటీయే పెట్టుకుంటున్నాను. ఇప్పుడు కంచు కేసు ఉన్న ఆటోమేటిక్ డైవ్ వాచీ ఒకటి కొనుక్కోవాలని గట్టిగా ఉంది. 1950లు, 60లలో వచ్చిన డైవర్ల పోలిక కావాలి. ఉబ్బు గ్లాసు, నల్ల డయల్ మీద బంగారు రంగు అక్షరాలు, పెద్ద గుండ్రటి మార్కర్లు, గ్లాసు చుట్టూ తిరిగే సన్నటి రింగు, అదే బెజెల్. కస్టమ్స్ డ్యూటీతో కలిపి ముప్పై వేలు దాటకూడదు. నా మణికట్టు ఆరున్నర అంగుళాలు. స్కూబా లాంటివేమీ చేయను కానీ ఈతకి వెళ్తాను. మిగతా టైమంతా బండి మీద బెంజ్ సర్కిల్, ఆటోనగర్ చుట్టూ తిరుగుడే. చేతికి చెమట బాగా పడుతుంది.

అడగాల్సినవి మూడు. మన ఎండకి, ఉక్కకి కంచు ఎన్నాళ్లు బాగుంటుంది? ఈ ధరలో ఏ మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) నమ్మొచ్చు? రిపేరు వస్తే ఇక్కడ చేసేవాళ్లుంటారా?

భవానీ_ఐలాండ్ (విజయవాడ)
మంచి ఆలోచన బ్రో. కంచుకి అలవాటు పడ్డ చెయ్యి స్టీలుని మెచ్చడం కష్టం. పెద్దవాళ్లు వచ్చి వివరంగా చెప్తారు, నేనూ ఫాలో అవుతున్నా.

లోహవిద్య (గుంటూరు)
పటమట గారూ, మోడల్ పేర్ల కంటే ముందు లోహం సంగతి తేల్చుకోండి. అక్కడ తేడా వస్తే తర్వాత ఎంత వెతికినా లాభం లేదు.

వాచీల్లో "బ్రాంజ్" పేరుతో అమ్మేవి ముఖ్యంగా రెండు. ఒకటి తగరపు కంచు. స్పెసిఫికేషన్లలో సీయూఎస్ఎన్8 అని రాస్తారు. దాదాపు 92 శాతం రాగి, 8 శాతం తగరం, పిసరంత ఫాస్ఫరస్. ఇది ఎర్రటి ఛాయతో ఉంటుంది, త్వరగా రంగు మారుతుంది. రెండోది అల్యూమినియం కంచు. అల్యూమినియం ఉపరితలం మీద తనంతట తానే ఒక ఆక్సైడ్ పొర కడుతుంది కాబట్టి రంగు నెమ్మదిగా మారుతుంది, చాలాకాలం కొత్త ఇత్తడి చెంబులా పసుపుగానే ఉంటుంది. ఇవి కాక ఇత్తడి వాచీలు కూడా ఉన్నాయి. అందులో రాగితో కలిసేది జింకు. ఉప్పునీటిలో జింకు మెల్లగా కరిగిపోయి లోహం గుల్లబారుతుంది. ఓడల సామానుకి, పంపులకి కంచుని ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం.

ఇక మన వాతావరణం. రాగికి గాలి, తేమ, చెమటలోని ఉప్పు తగిలితే ముందు గోధుమ రంగు వస్తుంది, తర్వాత ముదురు చాక్లెట్ రంగు. ఉప్పు నిలిచిన మూలల్లో ఆకుపచ్చ చిలుము పడుతుంది. చలిదేశాల వాళ్లు నెలల తరబడి ఎదురుచూసే రంగు మే నెల బెజవాడలో వారాల్లోనే వచ్చేస్తుంది. అది పాడైపోవడం కాదు. గట్టిగా అతుక్కున్న గోధుమ రంగు పొర కింది లోహాన్ని కాపాడుతుంది. భయపడాల్సింది వేరే ఉంది. లేత ఆకుపచ్చ రంగులో, వేలితో రుద్దితే పొడిలా రాలేది. క్లోరైడ్ లోహం లోపలికి దిగి, తేమ తగిలినప్పుడల్లా తినుకుంటూ పోతుంది. మ్యూజియం వాళ్లు దీన్ని కంచు జబ్బు అంటారు. రోజూ పెట్టుకుని, కడిగి, తుడిచే వాచీకి ఇది రావడం అరుదు. సముద్రంలో తడిపి, అలాగే డబ్బాలో పెట్టి మరిచిపోతేనే ముప్పు.

మీకు నా ఓటు తగరపు కంచుకే. కాకపోతే వెనకమూత స్టీలుది అయ్యుండాలి. అందులో రాజీ వద్దు.

జనతా_అభిమాని (గవర్నరుపేట)
మేడమ్ గారు చక్కగా చెప్పారు. పాతకాలపు లుక్ గురించి నేనొక మాట కలుపుతాను తమ్ముడూ. డైవ్ వాచీకి ఇవాళ మనం చూసే రూపం 1953లో స్థిరపడింది. బ్లాంపెయిన్ ఫిఫ్టీ ఫాథమ్స్, రోలెక్స్ సబ్‌మెరైనర్ రెండూ ఆ ఏడాదివే. యాభై ఫాథమ్‌లంటే సుమారు 91 మీటర్ల లోతు. సీకో మొట్టమొదటి డైవర్, అందరూ 62మాస్ అని పిలిచేది, 1965లో 150 మీటర్ల రేటింగ్‌తో వచ్చింది. కేసు 37, 38 మిల్లీమీటర్లే. ఇవన్నీ స్టీలువి, గమనించు. ఆ రోజుల్లో డైవర్ల హెల్మెట్లు రాగి, ఇత్తడివి, ఓడల బిగింపులు కంచువి. చేతివాచీ మాత్రం కంచుది కాదు. కంచు కేసుని వాచీలోకి తెచ్చిన పేరు జెరాల్డ్ జెంటాది, 1980లలో గెఫికా అనే వాచీతో. డైవ్ వాచీల్లో ఆ మోజు రేపింది 2011లో పానెరాయ్ బ్రాంజో. 2016లో టూడర్ బ్లాక్ బే బ్రాంజ్, ఒరిస్ కార్ల్ బ్రషీర్ వచ్చాక చిన్న కంపెనీలన్నీ అదే దారి పట్టాయి.

ఇదంతా ఎందుకంటే, నువ్వు కోరే పాతకాలపు అందం కంచులో లేదు, కొలతల్లోనూ డయల్‌లోనూ ఉంది. 44 మిల్లీమీటర్ల కంచు దిమ్మ మీద బంగారు అక్షరాలు వేసినంత మాత్రాన 60ల నాటి వాచీ కాదు. 38 నుంచి 40 మధ్య వెతుకు. ముళ్లు సన్నగా పొడుగ్గా ఉన్నాయా, నిమిషాల ముల్లు నిమిషాల గీతల దాకా అందుతోందా చూడు. ఈ రెండోది చాలా చౌక వాచీల్లో ఉండదు, ఒకసారి కనిపెట్టావంటే ఇక కంటికి ఆనుతూనే ఉంటుంది.

మన దగ్గరే ఇంకో సంగతి. బాపట్ల వైపు బుద్ధాంలో దొరికిన బౌద్ధ కంచు విగ్రహాలు 6–8 శతాబ్దాల నాటివి. ఇప్పుడు చాలావరకు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన నేలలో అన్ని వందల ఏళ్లు ఉండి కూడా రూపం నిలిచింది. ఆటోనగర్ చెమటకి కంచు కరగదులే.

పటమట_కుర్రాడు
బాబాయ్ గారూ, నిమిషాల ముల్లు సంగతి చెప్పాక నేను సేవ్ చేసుకున్న ఫొటోలన్నీ మళ్లీ తీశాను. సగం వాచీలు అక్కడే పోయాయి! మేడమ్ గారూ, స్టీలు వెనకమూత ఎందుకని అంత పట్టు? చెయ్యి పచ్చబడుతుందనేగా?

లోహవిద్య
అవును, అదే. చెమట తగిలిన రాగి చర్మం మీద ఆకుపచ్చ మరక వేస్తుంది. హాని లేదు, సబ్బుతో పోతుంది. కానీ తెల్ల చొక్కా కఫ్‌కి అంటితే అంత తేలిగ్గా పోదు. వెనకమూత స్టీలుది అయినా బెల్టు బకిల్ కంచుది ఇస్తారు చాలామంది, అది మణికట్టు కింద రోజంతా చెమటలో నానుతుంది. బకిల్‌ని స్టీలుదానితో మార్చేయండి, మరక బాధ చాలావరకు తీరుతుంది.

బ్రాడీపేట_బాలెన్స్‌వీల్ (గుంటూరు)
మూవ్‌మెంట్ సంగతి నేను చెప్తా. ఖాళీ దొరికితే వాచీలు విప్పి బిగించడమే నా పని, కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

నీ బడ్జెట్‌లో ఎక్కువగా కనపడేది సీకో వాళ్ల ఎన్‌హెచ్35. 24 జ్యుయెల్స్ (రాపిడి తగ్గించే చిన్న రాళ్లు), గంటకి 21,600 బీట్స్ (టిక్కులు), పూర్తిగా కీ ఎక్కితే దాదాపు 41 గంటలు నడుస్తుంది. కీ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, చేత్తో కీ ఇవ్వొచ్చు. కంపెనీ చెప్పే లెక్క రోజుకి మైనస్ 20 నుంచి ప్లస్ 40 సెకన్లు. ఆచరణలో అంతకంటే బాగానే నడుస్తాయి, సరిచేయించుకుంటే ఇంకా బాగా. దీని లోపం మందం, 5.32 మిల్లీమీటర్లు. అందుకే ఈ మూవ్‌మెంట్ వేసిన డైవర్లు లావుగా ఉంటాయి.

తర్వాతది మియోటా 9015. 28,800 బీట్స్, సెకన్ల ముల్లు నున్నగా పాకుతుంది. మందం 3.9 మిల్లీమీటర్లే. పాతకాలపు పల్చటి రూపం కావాలంటే ఈ మిల్లీమీటరున్నర చాలా పెద్ద తేడా. తేదీ లేని డయల్ నీకు ఇష్టమైతే ఇదే కుటుంబంలో 9039 ఉంది. ఫ్రెంచి కంపెనీ బాల్టిక్ వాళ్ల ఆక్వాస్కాఫ్ బ్రాంజ్‌లో వేసింది అదే. ఆ వాచీ 39 మిల్లీమీటర్లు, నువ్వు చెప్పిన రూపానికి అచ్చంగా సరిపోతుంది. ధర మాత్రం నీ గీత దాటిపోతుంది. స్విస్ సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 కూడా మంచిదే కానీ ముప్పై వేలలో కంచు కేసుతో దాని మీద ఆశ పెట్టుకోకు.

రిపేరు గురించి. మన గుంటూరులో, బెజవాడలో చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. ఆయిలింగ్, సర్వీసింగ్ చేస్తారు. ఎన్‌హెచ్35 అయితే ఆ గొడవ కూడా లేదు, విడిగా దొరుకుతుంది, మొత్తం మూవ్‌మెంటే మార్చేసుకోవచ్చు. సమస్య ఎక్కడంటే, వాచీ ఒకసారి విప్పాక నీరు చొరకుండా ఉందో లేదో చూసే ప్రెషర్ టెస్టర్ చిన్న షాపుల్లో ఉండదు. "వాటర్‌ప్రూఫ్ చేసి ఇచ్చాను" అనే మాట మీద ఈతకి వెళ్లొద్దు. విప్పిన ప్రతిసారీ వాషరు మార్పించి, టెస్టరు ఉన్న సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించు.

మొగల్రాజపురం_మినిమల్ (విజయవాడ)
ఈ ధరలో కంచు అంటే చివరికి చాలామంది చైనా వాచీల వైపే వెళ్తారు కాబట్టి నా అభ్యంతరం కూడా చెప్తాను. శాన్ మార్టిన్, స్టీల్‌డైవ్ వాళ్లు చేసేవాటిలో ఎక్కువ భాగం సీకోదో టూడర్‌దో రూపాన్ని తెచ్చి కంచులో పోసినవే. పనితనం బాగుందంటే ఒప్పుకుంటాను. కానీ ఒక డిజైనర్ కష్టపడి కనిపెట్టిన రూపాన్ని యథాతథంగా దించి "గౌరవసూచకం" అనడం నాకు నచ్చదు. సొంత డిజైన్ చేసే చిన్న కంపెనీలున్నాయి, సింగపూర్ వాళ్ల జెలోస్ లాంటివి. కాస్త ఆగి వాటిలో కొనుక్కో.

జనతా_అభిమాని
మీ మాటలో న్యాయముంది. కానీ నకిలీకి, పోలికకి తేడా ఉంది కదండీ. డయల్ మీద సొంత పేరు వేసుకుని అమ్మేది మోసం కాదు. అసలు 62మాస్ ఇప్పుడు మంచి స్థితిలో దొరకాలంటే లక్షల్లో మాట, అదీ నీళ్లలో దింపే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ రూపం మీద ప్రేమ ఉన్న కుర్రాడికి వేరే దారేది?

మొగల్రాజపురం_మినిమల్
పోలిక వేరు, అచ్చు దించడం వేరు. ముళ్లు, మార్కర్లు, కేసు గీతలు అన్నీ ఒకే వాచీవైతే దాన్ని నేను పోలిక అనలేను. నిర్ణయం అతనిదే, నేను నా మాట చెప్పాను అంతే.

సూర్యలంక_అల (బాపట్ల)
నీళ్ల గురించి. నేను సముద్రంలో ఈత కొట్టేవాణ్ని, కంచు వాచీతోనే. 200 మీటర్లు అని రాసి ఉంటే 200 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు, అంత ఒత్తిడి దగ్గర పరీక్షించారని. నిజమైన డైవ్ వాచీకి ఐఎస్ఓ 6425 అని ప్రమాణం ఉంది. కనీసం 100 మీటర్లు, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి, బెజెల్ పొరపాటున తిరిగి టైము తప్పు చూపించకుండా ఉండాలి, ఇంకా చాలా ఉన్నాయి. చౌక కంపెనీలు ఆ పరీక్షలన్నీ చేయించవు. అయినా 200 మీటర్ల రేటింగు, మరతో బిగించే కీ ఉంటే ఈతకి ధారాళంగా చాలు.

మర కీ దగ్గర మాత్రం జాగ్రత్త. కంచు స్టీలు కంటే మెత్తన. తొందరలో వంకరగా బిగిస్తే మర అరిగిపోతుంది. ముందు వేళ్లతో వెనక్కి తిప్పు, మరలు కుదురుకున్నట్టు చిన్న టిక్కు తెలుస్తుంది, అప్పుడు ముందుకి బిగించు. నీళ్లలో ఉండగా కీ ముట్టుకోవద్దు. బయటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, బెజెల్‌ని ఒక చుట్టు తిప్పుతూ కింద ఇరుక్కున్న ఇసుక, ఉప్పు పోనివ్వు. కృష్ణలో ఈతకైనా అదే పద్ధతి. నది నీళ్లలో ఉప్పు లేకపోయినా ఒండ్రు ఉంటుంది, బెజెల్ కింద చేరితే బిగుసుకుపోతుంది.

ఇంకోటి, తోలు బెల్టు వద్దు. మన చెమటకి వాసన పడుతుంది, కంచు తగిలిన చోట పచ్చ మరకలు దిగుతాయి. ఎఫ్‌కేఎం రబ్బరు బెల్టు కానీ నైలాన్ గుడ్డతో చేసిన నాటో బెల్టు కానీ వేసుకో. నైలాన్‌ని రాత్రి సబ్బునీళ్లలో పిండి ఆరేస్తే పొద్దున్నకి రెడీ.

భవానీ_ఐలాండ్
చిన్న డౌటు. మా ఇంట్లో ఇత్తడి సామాను చింతపండుతో తోముతారు, అద్దంలా మెరుస్తాయి. రంగు నచ్చకపోతే వాచీని కూడా అలా తోమొచ్చా?

లోహవిద్య
తోమొచ్చు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, రాగి ఆక్సైడ్‌ని కరిగిస్తుంది. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లమూ అంతే. అయితే గిన్నెని తోమినట్టు పీచుతో గరగరా రుద్దొద్దు, గీతలు పడి కేసు మీద పాలిష్‌కీ బ్రష్ పనికీ ఉన్న తేడా చెరిగిపోతుంది. బెల్టు విప్పి, కీ బిగించి, పలచటి నిమ్మరసంలో దూది పుల్ల ముంచి కేసు మీద మాత్రమే అద్దండి. నలుపు లేచిపోయి గులాబీ ఛాయ బయటపడుతుంది, అప్పుడు ఆపి వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి. ఆమ్లం బెజెల్ ఇన్‌సర్ట్ (అంకెలున్న పట్టీ) రంగు మీద, వాషర్ల దగ్గర నిలవకూడదు. ఉప్పు కలపకండి. గిన్నెకి ఫరవాలేదు కానీ ఇక్కడ మళ్లీ ఆ క్లోరైడే అంటుకుంటుంది.

రంగు త్వరగా తెప్పించాలని ఇంటర్నెట్‌లో ఉడికించిన కోడిగుడ్డుతో డబ్బాలో పెడతారు. గుడ్డులోని గంధకం వల్ల నల్లబడుతుంది, నిజమే. అమ్మోనియా ఆవిరి పట్టించేవాళ్లూ ఉన్నారు. అది మాత్రం వద్దు, రాగి మిశ్రమాల్లో బిగింపు ఉన్న చోట పగుళ్లు తెచ్చే గుణం అమ్మోనియాకి ఉంది. అయినా మన ఊళ్లో ఉంటూ ఆ తొందరెందుకండి? వాచీ చేతికి పెట్టుకుని తిరగండి, చాలు. మీ చెయ్యి బల్లకి ఆనే వైపు మెరుస్తుంది, కీ కింద సందుల్లో నల్లబడుతుంది. ఆ తేడా మీ అలవాట్ల వల్ల వస్తుంది కాబట్టే అదే మోడల్ ఇంకొకరి చేతికి అలా ఉండదు.

పటమట_కుర్రాడు
చాలా స్పష్టత వచ్చిందండి. ఇప్పుడు రెండు దగ్గర ఆగాను. ఒకటి 62మాస్ పోలికలో ఉన్న కంచు వాచీ, ఎన్‌హెచ్35. ఇంకోటి గుండ్రటి మార్కర్లు, బంగారు అక్షరాలతో 39 మిల్లీమీటర్ల సొంత డిజైన్, మియోటా 9015. రెండోది కాస్త ఖరీదు. ఇవి కాక ఆరు వేలకే ఒకటి ఆన్‌లైన్లో కనపడింది, "బ్రాంజ్ ఫినిష్" అని రాశారు, బొమ్మలో అచ్చం కంచులాగే ఉంది. అది చూడొచ్చా?

బ్రాడీపేట_బాలెన్స్‌వీల్
ఆ మూడోది వదిలేయ్. "ఫినిష్", "టోన్", "కలర్" అని ఉందంటే స్టీలు మీద పూత అని అర్థం. దానికి చిలుమూ రాదు, రంగూ మారదు. గీత పడితే కింద తెల్ల స్టీలు కనపడుతుంది. నిజమైన కంచుకి గీత పడ్డా లోపలా అదే రంగు, కొద్దిరోజులకి చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోతుంది. అయస్కాంతంతో తేల్చుకుందామనుకోకు, వాచీల్లో వాడే 316ఎల్ స్టీలు కూడా దాదాపు అంటుకోదు. కేసు లోహం దగ్గర సీయూఎస్ఎన్8 అనో, అల్యూమినియం బ్రాంజ్ అనో స్పష్టంగా రాసి ఉంటేనే ముందుకెళ్లు.

మిగిలిన రెండిటికీ ఒక పని చేయి. వ్యాసం చూడటం ఆపి లగ్ టు లగ్ చూడు, అంటే పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివరకి. ఆరున్నర అంగుళాల మణికట్టుకి 47, 48 దాకా బాగుంటుంది. అట్టముక్క మీద ఆ కొలతలకి గీసి కత్తిరించి చేతి మీద పెట్టుకో. కొమ్ములు చెయ్యి దాటి బయటికి పొడుచుకొస్తే ఆ వాచీ నీది కాదు.

సూర్యలంక_అల
గ్లాసు ఏంటి రెండిటికీ? పాతకాలం వాటికి యాక్రిలిక్ ఉండేది, గీతలు పడేవి, పాలిష్ పేస్టుతో రుద్దితే పోయేవి. ఇప్పుడు ఉబ్బు సఫైర్ ఇస్తున్నారు, గీత పడటం దాదాపు అసాధ్యం, పక్క నుంచి చూస్తే డయల్ అంచు వంగినట్టు కూడా కనపడుతుంది. బండి మీద తిరిగేవాడివి, సఫైరే తీసుకో.

జనతా_అభిమాని
రాత్రి వెలుగు కూడా అడుగు. 60ల దాకా రేడియం, తర్వాత ట్రిటియం పూసేవాళ్లు, అవి ముసలై గోధుమ రంగుకి తిరిగేవి. ఇప్పుడు సూపర్ ల్యూమినోవా అనే చీకట్లో వెలిగే పూతకే ఆ ముసలి రంగు కలిపి వేస్తున్నారు. కంచు మీద చాలా అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కాకపోతే రంగు కలిపేసరికి వెలుగు తగ్గుతుంది. లేత ఆకుపచ్చగా ఉండే సీ3 రకమే చీకట్లో బాగా కనపడుతుంది. నీకు అందమా, వెలుగా అనేది నువ్వే తేల్చుకోవాలి. నేనైతే ముసలి రంగుకే.

పటమట_కుర్రాడు
అట్టముక్క కత్తిరించి చూశాను బ్రాడీపేట అన్నా. 62మాస్ పోలికది కొమ్ములు బయటికొచ్చాయి. 39ది చేతి మీద హాయిగా కూర్చుంది. సఫైరే ఉంది, వెనకమూత స్టీలు, 200 మీటర్లు, సీయూఎస్ఎన్8. వెలుగు ముసలి రంగుదే. మినిమల్ గారూ, సొంత డిజైనే కాబట్టి మీకూ నచ్చుతుందనుకుంటున్నా. డ్యూటీ సంగతి ఎవరైనా చెప్తారా?

మొగల్రాజపురం_మినిమల్
చాలా సంతోషం. డ్యూటీ వాచీ ధర ఒక్కదాని మీదే పడదు, పంపించే ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద పడుతుంది. ఆ పైన వచ్చిన మొత్తానికి ఐజీఎస్టీ. రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి, కొరియరా పోస్టా అన్నదాన్ని బట్టి కూడా లెక్క మారొచ్చు. అందుకని ఆర్డర్ పెట్టే రోజున కొరియర్ వాళ్లనే అడుగు. వెబ్‌సైట్ ధర ఇరవై వేలు దాటకపోతే ముప్పైలో సర్దుకోవచ్చని నా అంచనా. కేవైసీకి ఆధార్ కాపీ అడుగుతారు, సిద్ధంగా పెట్టుకో. విలువ తగ్గించి రాస్తామని అమ్మేవాళ్లు అంటే ఒప్పుకోవద్దు, కస్టమ్స్ పట్టుకుంటే జరిమానా నీ మీద పడుతుంది. పైగా పార్సెల్ దారిలో పోతే ఆ తగ్గించిన మొత్తమే వెనక్కొస్తుంది.

బ్రాడీపేట_బాలెన్స్‌వీల్
పార్సెల్ రాగానే విప్పుతూ వీడియో తీయి. బెజెల్ తిప్పి పైనున్న చుక్క సరిగ్గా పన్నెండుకి ఆగుతోందా చూడు. కీ నాలుగైదు సార్లు విప్పి బిగించు, ఎక్కడా పట్టకూడదు. పూర్తిగా కీ ఇచ్చి ఒక రోజు చేతికి పెట్టుకుని ఎంత ముందుకో వెనక్కో వెళ్లిందో రాసుకో. లోపమేమైనా ఉంటే ఆ వారంలోనే చెప్పాలి. తర్వాత "వాడేసిన వాచీ" అంటారు, కంచు కదా, వాడినట్టు ఇట్టే తెలిసిపోతుంది.

పటమట_కుర్రాడు
ఆర్డర్ పెట్టేశానండి! నల్ల రబ్బరు బెల్టు, స్టీలు బకిల్ కూడా కలిపి. లెక్కేస్తే ముప్పైకి కొంచెం లోపలే. అందరికీ పేరుపేరునా థాంక్స్. వచ్చాక ఫొటోలు పెడతాను.

లోహవిద్య
ఫొటోలు కిటికీ దగ్గర పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి తీయండి. తర్వాత కూడా అదే చోట, అదే వెలుతురులో తీస్తూ ఉంటే రంగు ఎలా మారుతోందో సరిగ్గా పోల్చుకోవచ్చు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోతో కంచు రంగు అసలు తెలియదు.